‘కాల్పోస్కోపీ నార్మల్’ అని రాసే ముందు: విశాఖ గైనకాలజిస్టులకు ఒక పాథాలజిస్టు బహిరంగ లేఖ

విశాఖపట్నంలోని స్త్రీవైద్య నిపుణులకు, జిల్లా వైద్య ఆరోగ్య శాఖ అధికారులకు,

నమస్కారం.

నేను ఈ ఊళ్లోనే పాథాలజిస్టుగా పనిచేస్తున్నాను. మీరు పంపే స్మియర్లనూ (పైపొర నుంచి గీకి గాజు పలక మీద పూసిన కణాలు), బయాప్సీ ముక్కలనూ (పరీక్ష కోసం కత్తిరించి తీసినవి) సూక్ష్మదర్శిని కింద చూసి, ఉన్నది ఏమిటో చెప్పడం నా పని. రోగిని నేను చూడను. ఆమె గురించి నాకు తెలిసేదంతా సీసాతోపాటు వచ్చే కాగితం మీద ఉన్నదే. ఆ కాగితం మీద నాకు తరచుగా కనిపించే ఒక మాట గురించి ఈ లేఖ రాస్తున్నాను. ‘కాల్పోస్కోపీ నార్మల్’ అన్నది ఆ మాట. భూతద్దం ఉన్న పరికరంతో చూస్తే తేడా ఏమీ కనబడలేదని దాని అర్థం. ముఖ్యంగా గర్భసంచి తీసేసిన స్త్రీలలో, యోని గోడల మీద క్యాన్సర్‌కు ముందు దశలో వచ్చే మార్పుల విషయంలో ఆ మాట ఎంతవరకు నమ్మదగినదో మనం కలిసి ఆలోచించాలి. ఫోన్లలో విడివిడిగా చెబుతూనే ఉన్నాను. బహిరంగంగా ఎందుకు రాస్తున్నానంటే, పరీక్ష బల్ల మీద పడుకునే స్త్రీకి, ఆమె వెంట వచ్చిన కూతురికి కూడా ఈ సంగతి తెలియాలి.

ముందుగా వారి కోసం నాలుగు మాటలు. గర్భాశయ ముఖద్వారానికి క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీ వైరస్సే యోని గోడలకూ సోకుతుంది. యోని క్యాన్సర్లలో నాలుగింట మూడు వంతులకు మూలం అదే. అందులోనూ 16వ రకం ముందుంటుంది. క్యాన్సర్ కావడానికి ముందు గోడ పైపొరలోని కణాలు మారతాయి. ఆ మార్పును డాక్టర్లు ‘వెయిన్’ (VAIN) అంటారు. పైపొర మందంలో ఎంత మేర మారిందన్నదాన్ని బట్టి ఒకటి, రెండు, మూడు దశలు. మొదటి దశ చాలామందిలో దానంతటదే తగ్గిపోతుంది. రెండు, మూడు దశలను వదిలేస్తే కొందరిలో క్యాన్సర్ అవుతుంది. ఇది అరుదైన జబ్బు. స్త్రీల జననాంగ క్యాన్సర్లు అన్నిటిలో యోని క్యాన్సర్ వాటా ఒకటి రెండు శాతమే. ఈ లేఖ చదివి ఎవరూ రాత్రి నిద్ర మానుకోనక్కరలేదు. కానీ ఇదివరకు ముఖద్వారంలో ఇలాంటి మార్పులు వచ్చినవారికి, ఆ క్యాన్సర్‌కు చికిత్సగా రేడియేషన్ తీసుకున్నవారికి, హెచ్‌ఐవీ వల్లనో కిడ్నీ మార్పిడి తర్వాత వాడే మందుల వల్లనో రోగనిరోధక శక్తి తగ్గినవారికి ఇది అంత అరుదు కాదు.

కాల్పోస్కోప్ అంటే వెలుగు, భూతద్దం కలిసిన పరికరం. 1925లో జర్మనీలో హాన్స్ హిన్సెల్‌మాన్ తయారుచేశాడు. అసిటిక్ ఆమ్లం రాస్తే మారిన చోటు తెల్లబడుతుంది. అయోడిన్ రాస్తే ఆరోగ్యంగా ఉన్న పొర ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది, మారిన చోటు రంగు పట్టకుండా పసుపుగా మిగిలిపోతుంది. ముక్క ఎక్కడ తీయాలో ఈ పరికరం చూపిస్తుంది. జబ్బు ఉందో లేదో, ఉంటే ఏ దశలో ఉందో తేల్చేది ఆ ముక్కే. ముఖద్వారం విషయంలో ఈ మాట మీలో ఎవరూ కాదనరు. యోని దగ్గరకు వచ్చేసరికి మాత్రం కంటితో చూసిందే తీర్పు అవుతోంది.

కొంతకాలం కిందట మా ల్యాబుకు వచ్చిన ఒక వాల్ట్ స్మియర్ గురించి చెబుతాను. వాల్ట్ అంటే గర్భసంచి తీసేశాక కుట్టు వేసి మూసిన యోని పై కొస. ఆమెను గుర్తుపట్టే వివరాలేవీ రాయడం లేదు. యాభై దాటిన మనిషి. ముప్ఫైల్లోనే గర్భసంచి తీసేశారు. ఎందుకు తీశారంటే ఆమెకు తెలిసింది ఒక్కటే: ‘పుండు పడింది, ఉంచితే క్యాన్సర్ అవుతుందన్నారు.’ కాగితాలేవీ లేవు. స్మియర్‌లో నల్లగా, పెద్దగా, అంచులు వంకరపోయిన కేంద్రకాలున్న కణాలు గుంపులు గుంపులుగా ఉన్నాయి. హై గ్రేడ్, అంటే రెండు, మూడు దశల మార్పు, అని రాసి పంపాం. ఒక ఆసుపత్రిలో కాల్పోస్కోపీ చేసి, వాల్ట్ ఆరోగ్యంగా ఉంది, మచ్చలేవీ లేవు, ఏడాది తర్వాత రండి అని రాశారు. అయోడిన్ వాడిన ప్రస్తావన ఆ నోట్‌లో లేదు. ముక్క తీయలేదు. ఆమె అదృష్టం కొద్దీ రెండు రిపోర్టులూ మరో డాక్టరమ్మ చేతిలో పడ్డాయి. ఆ డాక్టరమ్మ ఆ రెంటికీ పొంతన లేదని గమనించి, కొన్ని వారాలు ఈస్ట్రోజెన్ క్రీము వాడించి, మళ్లీ పిలిచి, అయోడిన్ రాసి, కుట్టు గీతకు కుడి కొసన ఉన్న గుంటను సన్నని కొక్కెంతో తెరిచి చూశారు. అక్కడ గోరంత పసుపు మచ్చ. తీసిన ముక్కలో మూడో దశ మార్పు. అదృష్టవశాత్తు కింది పొరలోకి దిగలేదు.

మొదట చూసినవారు అశ్రద్ధ చేశారని నేను అనడం లేదు. వారు చూసిన కోణంలో, సిద్ధం చేయని పొర మీద, ఆ మచ్చ కనబడే వీలే లేదు. నా బాధంతా కనబడలేదన్న సంగతి ‘లేదు’గా మారి కాగితం ఎక్కడం గురించే.

యోనిలో కన్ను ఎందుకు తప్పుతుందో మీకు నేను చెప్పాలా అనిపించవచ్చు. అయినా వరుసగా రాస్తాను, ఎందుకంటే వీటిలో ప్రతి ఒక్కటీ మీరు పంపే ముక్కలో నాకు కనబడుతుంది. ముఖద్వారం ఎదురుగా నిలబడుతుంది. పరికరం దానికి తిన్నగా చూస్తుంది. జబ్బు ఎక్కడ మొదలవుతుందో కూడా అక్కడ ముందే తెలుసు. యోని అలా కాదు. ముడతలు ముడతలుగా పొడవునా సాగిన గొట్టం. దాని గోడలను మనం ఏటవాలుగా చూస్తాం. యోనిని తెరిచి పట్టే స్పెక్యులమ్ పెట్టగానే ముందు గోడ, వెనక గోడ రేకుల కింద దాక్కుంటాయి. మెల్లగా తిప్పుతూ బయటకు లాగితే తప్ప వాటిని చూసినట్టు కాదు. మార్పులు ఎక్కువగా వచ్చేది పై మూడో భాగంలోనే, అయినా తరచుగా అవి ఒకేచోట ఉండవు. అక్కడొకటి ఇక్కడొకటిగా ఉంటాయి. ఒకటి దొరికిందని ఆగిపోతే మిగిలినవి ఉండిపోతాయి.

నెలసరి ఆగిపోయిన తర్వాత చిక్కు ఇంకా పెరుగుతుంది. అయోడిన్ రంగు పట్టేది కణాల్లోని గ్లైకోజెన్‌కు. ఈస్ట్రోజెన్ తగ్గినప్పుడు గ్లైకోజెన్ ఉండదు, పొర పలచబడుతుంది, గోడంతా పసుపుగానే కనిపిస్తుంది. అప్పుడు ఏది మచ్చ, ఏది మామూలు పొర అన్నది ఎవరికీ తెలియదు. పైగా స్పెక్యులమ్ తగిలిన చోటల్లా రక్తం చిమ్ముతుంది. రేడియేషన్ తీసుకున్నవారిలో రక్తనాళాలు వంకర్లు తిరిగి, క్యాన్సర్ లేకపోయినా ఉన్నట్టు భయపెడతాయి. ఈ ఇబ్బంది మీకే కాదు, మాకూ ఉంది. పలచబడిన పొర కణాలు సూక్ష్మదర్శిని కిందా మూడో దశ మార్పులా కనిపిస్తాయి. అందుకే అనుమానం వచ్చినప్పుడు పి16 అనే ప్రొటీన్‌ను రంగుతో చూపే రంజనం చేస్తాం. నిజమైన హై గ్రేడ్ మార్పయితే ఆ రంగు పొర కింది నుంచి దట్టంగా, తెగకుండా పడుతుంది. ఉత్త పలచదనమైతే పడదు. మీ వైపు దీనికి సాటి వచ్చేది కొన్ని వారాల ఈస్ట్రోజెన్ క్రీము. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారి విషయంలో ఆలోచించి వాడవలసిందే. మిగతావారిలో చాలామందికి అది రాసి ఇచ్చి మళ్లీ రమ్మనడం మొదటిరోజే చూసి పంపేయడం కన్నా మేలు.

ఇక గర్భసంచి తీసిన తర్వాత మిగిలే వాల్ట్. కుట్టు గీతకు రెండు కొసలా గుంటలు పడతాయి. పొరలో కొంత భాగం కుట్టు లోపలికి, పైకి మడతపడి పూడిపోవచ్చు. అక్కడ ఉన్నది ఏ కాల్పోస్కోప్‌కూ కనబడదు. వెయిన్ అనుకుని యోని పై భాగాన్ని కోసి తీసిన స్త్రీల మీద అమెరికాలో జరిగిన ఒక అధ్యయనంలో దాదాపు 12 శాతం మందికి అప్పటికే క్యాన్సర్ లోపలికి దిగి ఉన్నట్టు ఆ తీసిన భాగంలో బయటపడింది. లేజర్ పెట్టే ముందు ఈ అంకెను గుర్తు చేసుకోమని నా విన్నపం. లేజర్‌తో కాల్చేస్తే నాకు చూడడానికి ఏమీ మిగలదు. రెండో దశ అని కంటితో అంచనా వేసి, ఒకే ఒక్క ముక్క తీసి, మిగతాదంతా కాల్చేస్తే, కాలిన దానిలో ఏముందో అప్పుడు తెలియదు. అది తెలిసేసరికి రోగి రక్తస్రావంతో తిరిగి వస్తుంది.

‘కాల్పోస్కోపీకీ బయాప్సీకీ బాగానే పొంతన ఉంటుందని అధ్యయనాలు చెబుతున్నాయి కదా’ అని ఒక మిత్రుడు అన్నారు. యోని మీద వచ్చిన అధ్యయనాలు చాలావరకు పాత రికార్డులు తిరగేసి చేసినవి. వాటిలో ఉన్నవారంతా ఏదో కనిపించినందువల్ల ముక్క తీయించుకున్నవారు. నార్మల్ అని ఇంటికి పంపినవారి దగ్గర ఎవరూ ముక్క తీయలేదు గనుక, వారిలో ఎందరికి జబ్బు ఉండిపోయిందో ఆ లెక్కలోకి రానే రాదు. ఇలా లెక్క కడితే ఏ పరీక్షయినా ఉన్నదానికన్నా మెరుగ్గానే కనబడుతుంది. ఇంకో సంగతి. ఒక దశ అటూ ఇటూ అయినా పొంతన కుదిరినట్టే లెక్క వేసిన పత్రాలు ఉన్నాయి. కంటికి ఒకటో దశ, ముక్కలో రెండో దశ అయితే అది పొంతన ఎలా అవుతుంది? మొదటిదానికి ఆగి చూస్తాం, రెండోదానికి చికిత్స చేస్తాం.

ముఖద్వారం మీద మాత్రం గట్టి లెక్క ఒకటి ఉంది. 2015లో ప్రచురితమైన అధ్యయనంలో కాల్పోస్కోపీ చూపిన చోట ఒక్క ముక్క తీస్తే హై గ్రేడ్ మార్పుల్లో 60.6 శాతమే దొరికాయి. రెండు తీస్తే 85.6, మూడు తీస్తే 95.6 శాతం. చూడడానికి అంత అనువైన ముఖద్వారంలోనే ఒక్క ముక్కతో నూటికి నలభై దాకా జారిపోతుంటే, ముడతల్లో, గుంటల్లో, పలచబడిన పొరలో ఏ ముక్కా తీయకుండా ‘లేదు’ అని ఎలా రాయగలం? వాల్ట్ స్మియర్‌లో హై గ్రేడ్ వచ్చి, కాల్పోస్కోపీలో ఏమీ కనిపించనప్పుడు, నా దృష్టిలో ఆ పరీక్ష ఇంకా పూర్తి కాలేదు. పొరను సిద్ధం చేసి మళ్లీ చూడాలి. రంగు పట్టని ప్రతి చోటునుంచీ ముక్క తీయాలి. రెండు గుంటలనూ తెరవాలి. తెరవలేకపోతే ‘గుంటలు చూడలేకపోయాం’ అని రాయాలి. అలా రాయడంలో చిన్నతనమేమీ లేదు. 2011లో రియోలో ఖరారైన అంతర్జాతీయ కాల్పోస్కోపీ పరిభాషలోనే, చూడడానికి వీలు కాకపోతే కారణం రాయమని ఉంది. యోని మార్పులకు విడిగా గ్రేడులూ, పై మూడో వంతులోనా, కింది రెండు వంతుల్లోనా అని రాసే పద్ధతీ అందులోనే ఉన్నాయి.

ముక్క పంపే తీరు గురించి కూడా ఒకటి చెప్పాలి. యోని నుంచి వచ్చే ముక్క బియ్యపు గింజలో సగం ఉంటుంది. ఫార్మలిన్‌లో వేయగానే ముడుచుకుని చుట్టుకుపోతుంది. దాన్ని మైనంలో ఎలా నిలబెట్టినా కోత అడ్డదిడ్డంగా పడుతుంది. మార్పు లోపలికి దిగిందో లేదో అప్పుడు చెప్పలేం. తీయగానే చిన్న ఫిల్టర్ కాగితం ముక్క మీద, పచ్చి వైపు కాగితానికి ఆనేలా పరిచి, కాగితంతో సహా ఫార్మలిన్‌లో వేయండి. ఎడమ గుంటది ఒక సీసా, కుడి గుంటది ఒక సీసా. దూదిలో చుట్టి పంపవద్దు. దూది పీచులో పైపొర ఊడి వచ్చేస్తుంది.

ఇప్పుడు అధికారులకు. ఈ జబ్బు అరుదన్నాను. కానీ ఆంధ్రప్రదేశ్‌లో దాన్ని వెతకవలసిన తీరు మిగతా దేశంలో లాంటిది కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం. మన రాష్ట్రంలో 8.9 శాతం, దేశంలోకెల్లా ఎక్కువ. విజయనగరం, శ్రీకాకుళం, పాడేరు వైపునుంచి, ఒడిశాలోని కోరాపుట్ నుంచి కూడా కింగ్ జార్జ్ ఆసుపత్రికి (కేజీహెచ్), అగనంపూడిలోని హోమీభాభా క్యాన్సర్ ఆసుపత్రికి, నగరంలోని ప్రైవేటు ఆసుపత్రులకు వచ్చే స్త్రీలలో ఈ ఆపరేషన్ అయినవారు ఎందరుంటారో మీకు నేను చెప్పనక్కరలేదు. ముఖద్వారానికి వెనిగర్ పరీక్ష చేసే శిబిరంలో వీరిని ‘మీకు గర్భసంచి లేదుగా, అక్కరలేదు’ అని పంపేస్తారు.

చాలామంది విషయంలో ఆ మాట సరైనదే. కణితి వల్లనో రక్తస్రావం వల్లనో ముఖద్వారంతో సహా గర్భసంచి తీయించుకుని, ముఖద్వారంలో హై గ్రేడ్ మార్పులు ఎన్నడూ లేనివారికి స్మియర్లు అక్కరలేదు; అనవసర పరీక్షలతో వారిని వేధించమని నేను అడగను. కానీ మార్పులుండి తీయించుకున్నవారి సంగతి వేరు. అమెరికాలోని ‘2019 మార్గదర్శకాలు’ వారిని ఆ చికిత్స తర్వాత కనీసం 25 ఏళ్లు కనిపెట్టి ఉండమంటున్నాయి. మరి ఈమె ఏ కోవలోకి వస్తుందో తెలిసేది ఎలా? తీసిన గర్భసంచి పాథాలజీ పరీక్షకు వెళ్లి, ఆ రిపోర్టు ఆమె చేతికి అందితేనే. ఎందరు స్త్రీల దగ్గర ఆ కాగితం ఉంది? ‘పుండు’ అన్న మాట తప్ప మరేమీ లేని స్త్రీ మీ ఓపీలో కూర్చుంటే, ఆమెకు పరీక్ష కావాలో అక్కరలేదో ఎంతటి నిపుణుడైనా చెప్పలేడు.

అనవసరంగా గర్భసంచులు తీయడాన్ని అరికట్టడానికి కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. జాతీయ, రాష్ట్ర, జిల్లా స్థాయుల్లో పర్యవేక్షణ కమిటీలు ఉండాలంది. వాటిని అమలు చేయమని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. మన జిల్లా కమిటీకి నా అభ్యర్థన ఇది: ఎన్టీఆర్ వైద్య సేవ కిందైనా, సొంత ఖర్చుతోనైనా, జిల్లాలో జరిగే ప్రతి గర్భసంచి ఆపరేషన్‌కూ పాథాలజీ రిపోర్టు నకలు రోగికి ఇవ్వడం తప్పనిసరి చేయండి. డిశ్చార్జి కాగితం మీద, ఆపరేషన్ ఎందుకు చేశారో, ముఖద్వారం కూడా తీశారో లేదో, స్మియర్ ఫలితం ఏమిటో తెలుగులో రాయించండి. ఇంటింటి క్యాన్సర్ సర్వేలో ఏఎన్ఎంలు అడిగే ప్రశ్నల్లో ‘గర్భసంచి ఎందుకు తీశారు, కాగితం ఉందా’ అన్నది చేర్చండి. దీనికి కొత్త యంత్రం కొననక్కరలేదు.

తల్లులకు, అక్కచెల్లెళ్లకు కూడా ఒక మాట. గర్భసంచి తీసేశాక, నెలసరి ఆగిపోయాక, కలయిక తర్వాత గానీ ఊరికే గానీ రక్తం మరక కనబడితే, నీళ్లలాంటి స్రావం వాసనతో ఆగకుండా వస్తుంటే, ‘ఇంకా ఏముందని’ అని ఊరుకోకండి. వెళ్లి చూపించుకోండి. పాత స్మియర్‌లో ఏదైనా తేడా ఉందని ఎప్పుడైనా చెప్పి ఉంటే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి. ‘ముక్క తీశారా, రిపోర్టు ఎప్పుడు వస్తుంది’ అని అడగడం మీ హక్కు.

డాక్టర్లకు నా వంతు మాట. స్మియర్ ఒకటి చెప్పి, కాల్పోస్కోపీ మరొకటి చెప్పిన కేసు మీ దగ్గర ఏదున్నా, పాతదైనా సరే, ల్యాబు నంబరు పంపండి. స్లైడ్లు, బ్లాకులు మా దగ్గర భద్రంగా ఉంటాయి. తీసి పక్కన పెడతాను. మీ కాల్పోస్కోపీ బొమ్మలు తీసుకుని రండి, కలిసి చూద్దాం. స్మియర్‌నే మేం ఎక్కువగా చదివామని తేలితే రిపోర్టు సవరించి ఇస్తాను. కాదని తేలితే ఆమెను మళ్లీ పిలిపించే బాధ్యత మీరు తీసుకోండి. ఇలాంటి స్త్రీలలో కొందరికి ‘ఏడాది తర్వాత రండి’ అని రాసి ఇచ్చి ఉన్నారు. ముందు వారి ఫోన్ నంబర్లు వెతకండి.

ఇట్లు,
మీ తోటి వైద్యురాలు,
విశాఖపట్నం